సెలవు రోజు బస్సు

పదకొండు కావస్తోంది. గడుగ్గాయి మూడోసారి మెట్లు దిగి, మూడోసారి ఎక్కింది. వీధిలో ఒక్క పిల్ల లేదు. ఆ రోజు దేశమంతా సెలవు. పొద్దున బడిలో జెండా ఎగరేయగానే ఎవరి పిల్లల్ని వాళ్ళు తీసుకుని షికారుకి పోయారు.

వాళ్ళింట్లో ఉండేదే ఇద్దరు. అమ్మేమో సిటీ బస్సు డ్రైవరు. మామూలు రోజుల్లో వాళ్ళ రూటులో నాలుగు బస్సులు తిరుగుతాయి. సెలవుల్లో ఒక్కటే. ఆ ఒక్కటీ అమ్మదే.

ఇదంతా గడుగ్గాయికి తెలుసు. తెలిసి ఏం లాభం? క్యారమ్స్ బోర్డుకి నాలుగు వైపులా తనే కూర్చుని ఆడితే ఎవరికి మాత్రం ఏడుపు రాదు? దానికీ వచ్చింది. కళ్ళు తుడుచుకుని డిపోకి ఫోన్ చేసింది.

"మా అమ్మకి చెప్పండి. నాకు జ్వరం. చాలా ఎక్కువగా ఉంది."

అరగంటలో అమ్మ యూనిఫాంతోనే పరుగెత్తుకొచ్చింది. నుదురు తాకింది, మెడ తాకింది.

"చల్లగానే ఉందే? తగ్గినట్టుందిలే, పడుకో."

గడుగ్గాయి అమ్మ ఒళ్ళో తల పెట్టుకుంది. పొద్దుట్నుంచీ ఉన్న దిగులంతా పోయింది.

పన్నెండున్నరకి కింది వాటా దర్జీ మామయ్య గుడ్డసంచీతో వచ్చాడు. ఆయన ఆదివారం కూడా కొట్టు మూయడు. మూసేది ఇలాంటి సెలవులకే. ఆ రోజు హాస్టల్లో ఉన్న కూతుర్ని చూసొస్తాడు.

"అదేంటన్నయ్యా, వెళ్ళలేదా?" అంది అమ్మ.

"బస్సు రాలేదమ్మా. గంటకి పైగా నిలబడ్డాను. నీ పిల్లకి జ్వరమనీ, ఇంకో డ్రైవరు లేడనీ ఇప్పుడే చెప్పారు. ఎలా ఉంది?"

"మరి మీ అమ్మాయి?"

"ఒంటిగంట దాటితే కలవనివ్వరు. గేటు దగ్గర బెంచీ మీద కూర్చుని ఉంటుంది, పిచ్చిపిల్ల. మళ్ళీ సెలవంటే వచ్చే నెలే." సంచీలోంచి బిస్కెట్ పొట్లం తీశాడు. "దానికని కొన్నాను. నువ్వు తిను తల్లీ."

గడుగ్గాయి పొట్లం విప్పకుండా పక్కన పెట్టేసింది. ఒక్కతే కూర్చుని ఎదురుచూడటం ఎలా ఉంటుందో గడుగ్గాయికి ఎవరూ చెప్పక్కర్లేదు. మామయ్య వెళ్ళాక అమ్మతో నిజం చెప్పేసింది.

అమ్మ తిట్టలేదు. లేచి డ్యూటీకి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

మరుసటి నెల సెలవుకి గడుగ్గాయి కూడా మామయ్యతో బస్సెక్కింది. హాస్టల్ గేటు దగ్గర ఆయన కూతురు ఎదురొచ్చింది.

"పోయినసారి ఎందుకు రాలేదు నాన్నా?"

"బస్సు లేదు తల్లీ."

"నా వల్లే," అంది గడుగ్గాయి. మామయ్యకి కూడా అప్పుడే తెలిసింది. "జ్వరం లేకపోయినా ఉందని చెప్పి అమ్మని ఇంటికి రప్పించాను. ఒక్కదాన్నే ఉండలేకపోయాను."

మామయ్య కూతురు మొహం తిప్పుకుంది. గడుగ్గాయి అక్కణ్ణుంచి కదల్లేదు.

"భోజనం గంట కొట్టాక కూడా కూర్చున్నాను, తెలుసా?" అంది ఆ పిల్ల చివరికి.

"ఏ బెంచీ మీద?"

ఆ పిల్ల చూపించింది. గడుగ్గాయి వెళ్ళి ఓ చివర కూర్చుంది. కాసేపటికి ఆ పిల్ల కూడా వచ్చి రెండో చివర కూర్చుంది.