చిన్నమెదడు కుదిర్చిన సంబంధం

చుక్క ముట్టకుండానే పెళ్లిచూపుల్లో తాగుబోతు అనిపించుకున్న మొనగాణ్ని నేనొక్కణ్నే అయ్యుంటాను.

చేపల వేట ముగించుకుని పడవ దిగుతుంటే అమ్మ ఫోను. "ఒరే సూరీ! పెళ్లికూతురోళ్లు శ్రీకూర్మం దర్శనం సేసుకుని ఇటే వచ్చేసినారు. బేగి రా!"

బేగి వచ్చాను. కానీ కాళ్ల కింద నేల ఇంకా పడవలా ఊగుతోంది. కుడికి ఒరిగాను. ఎడమకి ఒరిగాను. ఆఖరికి టీ తాగుతున్న పిల్ల తండ్రి మీద ఒరిగాను.

"తాగేసొచ్చినాడు!" అని లేచాడు జగన్నాధం గారు. రాజాంలో ఆయనది ఎండుచేపల కొట్టు. చేపలమ్ముతాడే గానీ పడవెక్కిన మనిషి కాదు.

"లేదన్నయ్యా, వేట నుంచొస్తే కాసేపు అలాగే తూలతారు," అంది అమ్మ.

"నీ కొడుకు కదా, అలాగే సెప్తావు!"

అప్పుడు లేచింది పిల్ల. తులసి. నర్సింగ్ చదువుతోంది. "ఉండు నాన్నా, నేను సూస్తాను," అంటూ నా ముందు వేలు పెట్టింది. "ఈ వేలు ముట్టుకో. తర్వాత నీ ముక్కు. మళ్లీ వేలు."

వేలు. ముక్కు. వేలు. అబ్బబ్బ, జీవితాంతం ఇదే పరీక్ష పెట్టినా బాగుణ్ననిపించింది!

"వాసన లేదు. గురీ తప్పట్లేదు. తాగలేదు నాన్నా," అంది. "తల వెనకాల కింద చిన్నమెదడని ఉంటాది. ఒళ్లు పడిపోకుండా బేలన్సు సూసేది అదే. పడవ ఊపుకి అలవాటైపోయి, ఇది నేలని ఇంకా నమ్మట్లేదు."

"మరి పెద్దమెదడేటి సేస్తన్నాదో?" అన్నాడాయన.

"ఆలోచిస్తాది. మాటాడిస్తాది."

"ఈడు మాటాడట్లేదు కదేటి!"

నిజమే. నోరు తెరుచుకుని ఆమెనే చూస్తున్నాను. "గుండె దడదడలాడతన్నాది," అన్నాను ఎట్టకేలకు. "అదెవరి పని?"

"మెడుల్లా," అంది నవ్వాపుకుంటూ. "అదీ మెదడులో ముక్కే. మనం ఆగమన్నా ఆగదది."

జగన్నాధం గారూ ఆగలేదు. కూతుర్ని వచ్చిన జీపే ఎక్కించి తీసుకుపోయాడు. నాకు అన్నం సహించలేదు. చేసుకుంటే ఆ పిల్లనే చేసుకోవాలి.

ఆదివారం ఆ జీపు మళ్లీ వచ్చింది! ఇంట్లో తులసి సత్యాగ్రహం చేసిందట.

"నా కూతురు పడవెక్కి దిగుతాది," అన్నాడు జగన్నాధం గారు. "తిన్నగా నడిసిందా, ఈ సంబంధం మాట మరెవరూ ఎత్తకూడదు!"

అమ్మ పడవ ముక్కుకి హారతిచ్చింది. మా మేనమామ ఇంజన్ స్టార్ట్ చేశాడు. తీరా లోపలికి వెళ్తే, ఆ రోజు సముద్రం పళ్లెంలో నీళ్లలా కదలకుండా ఉంది. నాకు ఏడుపొచ్చింది. 'తల్లీ గంగమ్మా, ఒక్క అలైనా పంపవే!' అని మొక్కాను. పంపలేదు. తులసి మాత్రం హాయిగా పల్లీలు తింటూ కూర్చుంది.

అయిపోయింది నా పెళ్లి అనుకుంటూ దిగాను. నా వెనకే తులసి దిగింది. కుడికి ఒరిగింది. ఎడమకి ఒరిగింది. వెళ్లి ఒడ్డున నిలబడ్డ తండ్రి మీద పడింది.

ఆయన కంగారుగా ఆమె నోరు వాసన చూశాడు. పల్లీల వాసన.

"ఓలమ్మో, నిజమే! ఒరే అల్లుడా, సూస్తావేటి? పట్టుకోరా, పడిపోతాది!"

పట్టుకున్నాను. ఈ జన్మకి వదిలేది లేదు.

"అలే లేదు కదే, ఎలా తూలేవు?" అన్నాను చెవిలో.

"మరి పెద్దమెదడు ఉన్నదెందుకు బావా?" అంది తులసి, ఇంకాస్త ఒరుగుతూ.