అరచేతిలో లిసెత్

లాపాజ్‌లో జనవరి ఇరవై నాలుగో తేదీ మధ్యాహ్నం పన్నెండింటికి ఎవరి చెయ్యీ ఖాళీగా ఉండదు. వేలెడంత ఇల్లు, గవ్వంత కారు, గోరంత పాస్‌పోర్టు... ఏది కావాలనుకుంటే దాని బొమ్మ కొని, గంటలు మోగే వేళకి అరచేతిలో పెట్టి చాపాలి. మీద దీవెన పడాలి. చిన్నది చేతిలో ఉంటే అసలుది ఏడాది తిరిగేలోగా ఇంటికొస్తుంది. అలసీతాస్ పండగంటే అంతే. ఆ వేళకి చెయ్యి ఖాళీగా ఉంటే ఏడాదంతా ఖాళీయే.

ఆ రోజు పదకొండున్నరకి నెమెసియా కాయిసాయా తొమ్మిదేళ్ల కూతురు లిసెత్‌ని వెంటబెట్టుకుని కంటిమాయల మ్యూజియానికి వచ్చింది. బయట సంతలో తొక్కిసలాటగా ఉంది. లోపల చల్లగా, కొత్త రంగుల వాసనతో, దాదాపు ఖాళీగా ఉంది. ఒకప్పుడు అది సినిమా హాలు. ఇప్పుడు నేలంతా గీసిన అగాధాలు, గోడల్లోంచి నోళ్లు తెరిచిన మొసళ్లు. పసుపు పాదాల గుర్తుల మీద నిలబడి ఫోటో తీయించుకుంటే నిజంగా పడిపోతున్నట్టే వస్తుంది.

నెమెసియా పరాయి దేశంలో, సావోపాలోలో, బట్టలు కుట్టే కార్ఖానాలో నాలుగేళ్లు పనిచేసి తిరిగొచ్చి మూడు వారాలైంది. ఆ నాలుగేళ్లూ పిల్ల పెద్దమ్మ ఇంట్లో పెరిగింది. "ఆదివారం దాకా చూద్దాం. అది నీ దగ్గర ఉంటానంటే తీసుకెళ్లు, లేదంటే బలవంతం చెయ్యకు" అని పెద్దమ్మ తేల్చి చెప్పింది. మూడు వారాల్లో లిసెత్ ఒక్కసారి కూడా తనంతట తాను తల్లి చెయ్యి పట్టుకోలేదు. ఎక్కడికి వెళ్దామని అడిగితే మాత్రం ఈ మ్యూజియం పేరు చెప్పింది.

"సంచులు ఇక్కడ పెట్టేయండక్కా. బొమ్మల మీద గీతలు పడతాయి" అన్నాడు గైడు అదాల్బెర్తో. నలభై దాటిన మనిషి, మెడకి ఎర్ర బో కట్టుకున్నాడు. "ఇక్కడ నా పొట్ట ఒక్కటే నిజం. మిగతాదంతా మోసం."

లిసెత్ కిసుక్కున నవ్వింది. సంచి కౌంటరు మీద పెట్టేసింది నెమెసియా. అందులో పొద్దున కొన్న బొమ్మ ఇల్లు ఉంది. లోపల రెండు మంచాలు.

చివరి హాల్లో వంకర గది ఉంది. బయటి గోడకి తల పట్టేంత కన్నం. అదాల్బెర్తో పిల్లకి వివరించాడు. "నువ్వు లోపలికెళ్లి ఎడమ మూల నిలబడితే మీ అమ్మకి వేలెడంత కనిపిస్తావు. కుడి మూలకొస్తే నీ తల కప్పుకి తగులుతుంది."

"ఎలా?"

"గది వంకర తల్లీ. ఎడమ మూల దూరం, కుడి మూల దగ్గర. కన్నంలోంచి చూసేవాళ్లకి రెండూ ఒకే దూరంలో ఉన్నట్టుంటాయి. పిచ్చి కన్ను నమ్మేస్తుంది."

లిసెత్ పక్క తలుపులోంచి లోపలికెళ్లింది. నెమెసియా కన్నం దగ్గర వంగింది. నలుపు తెలుపు గళ్ల నేల, రెండు దొంగ కిటికీలు, ఎడమ మూల బొమ్మంత పిల్ల.

"ఎంతున్నాను?"

"నా వేలెడంత!"

"ఫోన్లో నువ్వూ అంతే ఉండేదానివి."

నెమెసియా కన్నానికి ఇంకాస్త దగ్గరగా జరిగింది. సరిగ్గా అప్పుడే ఊళ్లోని గంటలన్నీ ఒక్కసారి మొదలయ్యాయి. ఆమె గతుక్కుమంది. ఇల్లు సంచిలో ఉంది. సంచి కౌంటరు మీద ఉంది. చెయ్యి ఖాళీగా ఉంది.

పండగని మ్యూజియం వాళ్లు దీవెనకి పిలిపించిన సతుర్నీనా అవ్వ పక్కనే నిప్పుల కుంపటితో నిలబడి ఉంది. ధూపం ఘాటు, సారా వాసన.

"చాపవేం పిల్లా? ఖాళీ చెయ్యి చూపిస్తావా ఏంటి?"

నెమెసియా కంగారుగా నవ్వి చేతిని కన్నంలోకి చాపింది. అరచెయ్యి కాస్త కిందికి, కాస్త ఎడమకి జరిపింది. లిసెత్ రెండు పాదాలూ సరిగ్గా అరచేతిలో నిలిచాయి.

"ఇదిగో అవ్వా. నాకు కావలసింది ఇదే."

అవ్వ తన కన్ను కూడా కన్నానికి ఆనించి చూసింది. నవ్వలేదు. "నోటితో చెప్పు. ఏం అడుగుతున్నావ్?"

"నా కూతురు ఎప్పుడూ నా కళ్ల ముందు ఉండాలి. ఇంత దగ్గరగా."

అవ్వ చల్లిన సారా చుక్కలు అరచేతిలో పడ్డాయి. పసుపు పూరేకులు పడ్డాయి. అవ్వ పొగని కన్నంలోకి మూడుసార్లు ఊదింది. గంటలు ఆగిపోయాయి.

"అమ్మా..." గొంతు ఎక్కడో మైదానం అవతలి నుంచి వచ్చినట్టుంది. "లోపల వాన పడుతోందేంటి?"

నెమెసియా చెయ్యి లాక్కుంది. "ఇటు రా. కుడి మూలకొచ్చెయ్."

లిసెత్ నడిచింది. పది అడుగులు. ఇరవై. ఆ గది ఈ గోడ నుంచి ఆ గోడకి ఆరు మీటర్లు. పిల్ల నడుస్తూనే ఉంది. పెరగలేదు. కుడి కిటికీ కిందికొచ్చింది. వేలెడంతే ఉంది.

"అదాల్బెర్తో గారూ... పిల్లని బయటికి తీసుకురండి."

అతను ఈల వేసుకుంటూ వెళ్లాడు. కన్నంలో అతని బొద్దు ఆకారం కనిపించింది. నల్ల బూటు లిసెత్ పక్కన బెత్తెడు దూరంలో పడింది.

"కాలు కదపకండి! మీ పక్కనే ఉంది!"

"ఎక్కడక్కా?" అతను కిందికి చూశాడు. చుట్టూ చూశాడు. ఈల ఆగిపోయింది. "ఇక్కడ ఎవరూ లేరు."

అతని బూటు పక్కనే నిలబడి లిసెత్ అటూ ఇటూ చూస్తోంది. "ఎవరితో మాట్లాడుతున్నావమ్మా? ఇక్కడ ఎవరూ లేరు. గోడలు కూడా లేవు."

నెమెసియా పరుగున లోపలికెళ్లింది. ఏటవాలు నేల. చెక్క గోడలు. మూలల్లో చేతులతో తడిమింది. దుమ్ము తప్ప ఏమీ తగల్లేదు. మళ్లీ కన్నం దగ్గరికి పరుగెత్తింది.

ఉంది. ఇందాకటికంటే చిన్నదిగా ఉంది... గోరంత.

అప్పుడు అర్థమైంది. కన్ను తీస్తే దూరమైపోతోంది.

"అవ్వా, వెనక్కి తీసుకో" అంది గుసగుసగా, కన్ను తిప్పకుండానే. "నీ కాళ్లు పట్టుకుంటా."

"ఇచ్చింది నేనైతే కదా తీసుకోవడానికి? కళ్ల ముందు ఉండాలన్నావ్. ఉంది." అవ్వ కుంపటి కింద పెట్టేసింది. "పిలువు. నీ గొంతు పట్టుకుని నడిచి రమ్మను. కన్ను మాత్రం తియ్యకు."

"లిసెత్! నా గొంతు వినిపిస్తోందా? వినిపించే వైపు నడువు తల్లీ. ఆగకు."

ఒంటి గంట అయింది. రెండైంది. నెమెసియా పిలుస్తూనే ఉంది. పుట్టినప్పుడు ఎంత బరువుందో చెప్పింది. బస్సెక్కిన రోజు వెనక్కి తిరిగి చూడకపోవడం ధైర్యం చాలకేనని చెప్పింది. ఫోన్లో ఎప్పుడూ చెప్పలేనిదంతా చెప్పింది. పిల్ల గోరంత నుంచి వేలెడంత అయింది. రోడ్డు చివరి నుంచి మనిషి వస్తున్నట్టు... అంత నెమ్మదిగా. రెప్ప పడినప్పుడల్లా కాస్త తగ్గేది. అదాల్బెర్తో హాలు మూయించాడు. ఆమె కన్నీళ్లు అడ్డం రాకుండా చేతి రుమాలుతో తుడుస్తూ నిలబడ్డాడు. జోకులేమీ వెయ్యలేదు.

"కాళ్లు నొప్పిగా ఉన్నాయమ్మా."

"కొంచెమే. ఇంకొంచెమే."

మూడు. నాలుగు. గొంతు బొంగురుపోయి, చివరికి ఊపిరి మిగిలింది. ఆ ఊపిరితోనే పిలిచింది.

ఐదూ ఇరవైకి లిసెత్ ముఖం కన్నం నిండా కనిపించింది. పక్క తలుపు కిర్రుమంది. పిల్ల బయటికొచ్చింది. పూర్తి ఎత్తు. జుట్టు నిండా తెల్లటి దుమ్ము. శనివారం కొన్న చెప్పులు. అడుగులు అరిగిపోయి, మడమలు నేలకి తగులుతున్నాయి.

నెమెసియా కావలించుకుంది. ఒళ్లు చల్లగా ఉంది. కానీ ఉంది. చేతుల్లో ఉంది. అదాల్బెర్తో శిలువ గుర్తు వేసుకుని గోడకి ఆనుకుని కూలబడ్డాడు. సతుర్నీనా అవ్వ పిల్ల ముఖంలోకి ఒక్కసారి చూసి, కుంపటి తీసుకుని వెళ్లిపోయింది.

రోప్‌వే డబ్బాలో వాళ్లిద్దరే ఉన్నారు. సాయంత్రపు ఎండలో కింద ఇటుక ఇళ్లు, ఎదురుగా మంచు కొండ. లిసెత్ ఎదుటి సీట్లో కూర్చుంది.

"ఇంటికెళ్లగానే వేరుశనగ సూప్ చేస్తా. తింటావా?"

లిసెత్ పెదాలు కదిలాయి. శబ్దం రాలేదు. నెమెసియా చూస్తూ ఉంది. ఒకటి, రెండు, మూడు...

"తింటాను."

దూరంగా పిడుగు పడితే మెరుపు ముందొచ్చి ఉరుము తరవాత వచ్చినట్టు. నెమెసియా కిందికి చూసింది. సీటు అంచు నుంచి వేలాడుతున్న పిల్ల కాళ్లు ఒకదాని తరవాత ఒకటి కదులుతున్నాయి. కుడి. ఎడమ. కుడి.

"ఇంకా నడుస్తున్నావేంటి తల్లీ? వచ్చేశావు కదా."

పెదాలు కదిలాయి. ఈసారి పదకొండు లెక్కపెట్టాక వినిపించింది.

"ఎక్కడికొచ్చాను? నువ్వు కనిపిస్తున్నావు. ఎంత నడిచినా అంత దూరంలోనే కనిపిస్తున్నావు."

"నడువు. నేను పిలుస్తాను. ఆగకు తల్లీ... ఆగకు."

డబ్బా ఒక స్టేషను దాటింది. ఎవరూ ఎక్కలేదు. లిసెత్ ఉన్నట్టుండి భుజం మీదుగా వెనక్కి చూసింది. వెనక గాజు తప్ప ఏమీ లేదు. పెదాలు గబగబా కదిలాయి. నెమెసియా లెక్క మొదలుపెట్టింది. పదిహేను. ఇరవై. ముప్ఫై.

ముప్ఫై నాలుగు దగ్గర పిల్ల కాళ్లు ఆగిపోయాయి.

లిసెత్ నెమ్మదిగా ఇటు తిరిగింది. చిరునవ్వు నవ్వింది. చెయ్యి చాపి, తనంతట తానుగా, తల్లి చెయ్యి పట్టుకుంది.

నలభై ఎనిమిది. నలభై తొమ్మిది.

అప్పుడు అందింది, ఇందాక వెనక్కి చూసినప్పటి ఆ గొంతు... చాలా సన్నగా.

"అమ్మా, నా వెనకాల ఎవరో నడుస్తున్నారు. ఆగనా?"

ఎదుట కూర్చున్న పిల్ల పెదాలు కదల్లేదు. పట్టుకున్న చెయ్యి మాత్రం ఇంకాస్త బిగిసింది.