ప్రార్థన పుస్తకంలో ఆఖరి పేరు

"ఇరవై ఒకటో తేదీ పొద్దున, పూజ ముగిసేలోపు, ముసలి డ్యూక్ వాల్మోరేని లేపేస్తారు" అంది చీఫ్ మదాం ఓబ్రీ.

ఏజెంట్ గాస్పార్‌కి ఆ పేరు వింటేనే ఒళ్లు మండింది. విప్లవంలో తల తెగి రెండు వందల ఏళ్లు దాటిన రాజు పదహారో లూయీ కోసం ఏటా జనవరిలో సాన్‌దెనీ చర్చిలో నల్లబట్టలతో ఏడ్చే మందకి ఆ డ్యూక్ పెద్ద దిక్కు. అతన్ని చంపి, ఆ నెత్తురు రిపబ్లిక్ ప్రభుత్వం చేతులకి పులమాలని ఒక విదేశీ ముఠా ప్లాను.

"అక్కడ పొరపాటున కూడా 'కాపె' అనకు" అంది చీఫ్. "వెయ్యేళ్ల కిందట హ్యూగ్ రాజుకి, పై అంగీని బట్టి జనం తగిలించిన మారుపేరట అది. చరిత్ర పుస్తకాలు వంశం మొత్తానికీ అంటించాయి. రాజులెవరూ దాన్ని ఇంటిపేరుగా వాడుకోలేదు. విప్లవంలో రాజుని 'లూయీ కాపె' అని పిలిచి మరీ తల తీశారు. వాళ్లకది బూతు."

సాయానికి మిత్రదేశం లిడియా అనే ఏజెంటుని పంపింది. మూడేళ్లు ఆ రాజభక్తుల మధ్యే మారువేషంలో గడిపిందని ఫైల్లో ఉంది.

గాస్పార్ చర్చి సేవకుడి వేషంలో గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఎవరి ఆత్మశాంతికి ప్రార్థిస్తున్నారో వచ్చినవాళ్లంతా పుస్తకంలో రాసి వెళ్లడం అక్కడి ఆచారం. నల్ల లేసు ముసుగులో, సెంటు గుప్పుమంటూ లిడియా వచ్చింది.

"ఈ బూజు మనుషుల కోసం నువ్వు చావకు" అని గుసగుసలాడి, గబగబా ఏదో రాసి, డ్యూక్ వెనక కుర్చీలో కూర్చుంది.

గాస్పార్ పేజీ చూశాడు. వరసగా "మహారాజు పదహారో లూయీ." ఆఖర్న, తడి ఆరని సిరాతో, "లూయీ కాపె."

మూడేళ్లు వాళ్లతో తిరిగిన మనిషి అలా రాయదు. ఫైలు అబద్ధం.

ఆఖరి పాట మొదలైంది. లిడియా నవ్వుతూ వంగి, డ్యూక్ కోటు కాలరుకి రాజవంశం గుర్తైన లిల్లీపువ్వు పిన్ను పెట్టబోతోంది. గాస్పార్ కుర్చీలు తోసుకుంటూ ఉరికి ఆమె మణికట్టు పట్టేశాడు. విషం పూసిన పిన్ను సూది ముసలాయన మెడకి అంగుళం దూరంలో ఆగింది.

పోలీసులు ఆమెని తీసుకెళ్లాక గాస్పార్ డ్యూక్‌కి జరిగిందంతా చెప్పాడు. డ్యూక్ కృతజ్ఞత మాట ఎత్తలేదు. పుస్తకం తెప్పించుకుని చదివి, మొహం చిట్లించాడు.

"చంపబోయిందంటే సరే, చావడం మా వాళ్లకి అలవాటే. ఈ మాట రాసింది కూడా ఆవిడేనా?"

"ఆవిడే."

"అయితే అరెస్టు చెయ్యాల్సిందే" అన్నాడు డ్యూక్.