ఇటుక గుళ్లలో కొన్న బిడ్డ

అనగనగా అని మొదలుపెడితే వినేవాళ్లు ఊఁ కొట్టాలి. ఈ ఒక్క కథకు మాత్రం ఎవరూ ఊఁ కొట్టకూడదని మా ఇంట్లో ఆన. కనుక నోరు కట్టుకుని వినండి.

అనగనగా బస్తరులో రాజ్యం పోయి సర్కారు వచ్చిన రెండో ఏడు. భోపాలపట్నంలో ఉప్పూ బట్టలూ అమ్మే భీమశంకరం ఇంట్లో మూడో కాన్పుకు ఆడపిల్ల పుట్టింది. అతని భార్య వరలక్ష్మికి మొదటి ఇద్దరూ పురిటి నెల దాటకుండానే పోయారు. బిడ్డలు దక్కని ఇంట్లో, పుట్టిన పిల్లను చేటలో పెట్టి మరొకరికి ఇచ్చేసి, గుప్పెడు తవుడు పోసి తిరిగి కొనుక్కోవడం ఆచారం. కొన్న బిడ్డ మీద చావుకు హక్కు ఉండదని నమ్మకం. మొదటి ఇద్దరినీ ఇరుగుపొరుగు ఆడవాళ్ల దగ్గర అలాగే కొన్నారు. దక్కలేదు.

"మనుషుల దగ్గర కొని చూసినం, ఏం మిగిలింది? ఈసారి దేవుని దగ్గర్నే కొందాం," అంది అత్త రామసుబ్బమ్మ.

మద్దేడు ఊరు దాటి అడవిలోకి వెళితే మూడు ఇటుక గుళ్లు ఉన్నాయి. నాగవంశపు రాజుల నాటివని అంటారు. కట్టినవాళ్లు ఎందుకు విడిచిపోయారో చెప్పేవారు లేరు. ఆ చోటికి దారి చూపడానికీ, లోపల నిలబడి బిడ్డను అందుకోవడానికీ ఇంట్లో పని చేసే లక్కే అనే దోర్ల తెగ ఆడమనిషిని వెంటబెట్టుకుని, అత్తాకోడళ్లు బండి కట్టించుకుని బయలుదేరారు.

బండి దిగి గుళ్ల దాకా నడిచేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఇటుకకూ ఇటుకకూ నడుమ సున్నం లేదు, వెంట్రుక దూరేంత సందు లేదు. గోడల మీద నాచు లేదు. అంతదాకా చెవులు చిల్లులుపడేలా అరిచిన కీచురాళ్లు అక్కడ ఒక్కసారిగా ఆగిపోయాయి. నడిమి గుడి వాకిట్లోంచి చల్లని గాలి వస్తోంది. ఆ గాలిలో గబ్బిలాల కంపు లేదు. పసుపు, వాము పొగ, చనుబాలు... పురిటిగది వాసన.

లక్కే ఆగిపోయింది. "ఈడినుంచి నేను రాను, సావుకారమ్మా."

"లోపల నిలబడి పిల్లనందుకునేది ఎవరే మరి?"

"అండ్ల దేవుడు లేడు. మావోళ్లు గడప కాడికి పోరు. ఈడ ఏదీ ఇయ్యరు, ఏదీ అడగరు."

"దేవుడు లేని గుడి ఉంటదా ఏంది? భయమైతే బండి కాడికి పో." రామసుబ్బమ్మ కోడలి వైపు తిరిగింది. "ఇద్దర్ని మింగిన కడుపు నీది. నిలబడి చూస్తవేంది? పెట్టు."

వరలక్ష్మి బిడ్డ ఉన్న చేటను గడప లోపల పెట్టింది. బయట ఎండ మండుతున్నా గడప అవతల జానెడు మేర కూడా కనిపించడం లేదు.

"నా బిడ్డ నాది కాదు. నీకే ఇచ్చేసిన," అంది.

లోపలినుంచి ఎవరో కథ వింటున్నట్టు మెల్లగా...

"ఊఁ."

అత్తే అనుకుని వెనక్కి చూసింది. రామసుబ్బమ్మ పెదవులు బిగుసుకుని ఉన్నాయి. నేల మీద సర్రుమన్న చప్పుడైంది. తిరిగి చూస్తే చేట లేదు.

వరలక్ష్మి గుప్పెడు తవుడు తీసి చీకట్లోకి పోసింది. "కొనుక్కుంటున్న. ఇయ్యి."

ఊఁ లేదు.

పోసిన తవుడు, ఎవరో ఊదినట్టు, వచ్చి ఆమె పాదాల మీద పడింది. మళ్లీ పోసింది. మళ్లీ వచ్చింది.

"ఇయ్యి తల్లీ... కాళ్లు మొక్కుత..."

మూడోసారి తవుడు తిరిగి రాలేదు. చేట వచ్చింది. అందులో బిడ్డ. అదే బుగ్గచుక్క, అదే మొలతాడు, అదే వెచ్చదనం. వరలక్ష్మి ఎత్తి గుండెకు హత్తుకుంది.

అప్పుడు వినిపించింది. లోపల... చాలా లోపల... పసిపిల్ల ఏడుపు.

ఆమెకు పాలు చేపుకొచ్చాయి. రవిక తడిసిపోయింది. చేతిలోని బిడ్డ ఏడవలేదు. రెప్ప వేయకుండా ఆమెనే చూస్తోంది.

"అత్తమ్మా... లోపల..."

"నాకేం వినబడలే." అంటూనే రామసుబ్బమ్మ కోడలి మణికట్టు పట్టుకుని గడప నుంచి వెనక్కి లాగింది.

"ఆకలి ఏడుపు అత్తమ్మా. నా బిడ్డ ఏడుపు నాకు తెల్వదా?"

"ఏడ్చినయి రెండూ పోయినయి. ఇది బతికేటిది. బతికేదాన్ని ఎత్తుకొని నడువు."

వరలక్ష్మి గడప వైపు ఒక్క అడుగు వేసింది. చేతిలోని బిడ్డ ఆమె చూపుడువేలు పట్టుకుంది. నెల నిండని పిల్ల పట్టు కాదది. ఏడుపు ఎక్కిళ్లలోకి దిగింది. వరలక్ష్మి కళ్లు మూసుకుంది... వెనుదిరిగింది.

బండి కదిలేదాకా ఆ ఎక్కిళ్లు వినిపిస్తూనే ఉన్నాయి. లక్కే ఒక్కసారి ఆమె ఒడిలోకి చూసి, బండి ఎక్కకుండా అడవిదారిన వెళ్లిపోయింది. మళ్లీ ఆ ఇంటి గడప తొక్కలేదు.

బిడ్డ దక్కింది. జ్వరమన్నది ఎరుగదు. వరలక్ష్మి పాలిచ్చింది, పెంచింది, పెళ్లి చేసింది. ఆ పిల్ల మెలకువగా ఉండగా మాత్రం ఎన్నడూ రెప్ప వేయలేదు. అత్తాకోడళ్లు ఇద్దరూ ఆనాటి సంగతి ఎవరికీ చెప్పకుండానే కాలం చేశారు.

అయినా ఈ కథ నాకు చేరింది. ఎండలో నిలబడి తవుడు పోస్తున్న వరలక్ష్మి ముఖం చీకట్లోంచి చూస్తే ఎంత చిన్నదిగా కనిపించిందో, ఆమె వెనుదిరిగాక వాకిట్లో వెలుగు ఎంతసేపు ఉందో కూడా పూసగుచ్చినట్టు నాకు మొదట చెప్పినది, ఆనాడు బండిలో ఇంటికి వచ్చిన ఆ బిడ్డే, మా అమ్మమ్మ తవిటమ్మ.