నాలుగో బండి జవాబు

మధ్యాహ్నం వాన మొదలయ్యేసరికి మొండిఘటం టీ తాగుతోంది. అంబులెన్సు కేంద్రం కింది అంతస్తులో, కిటికీ అన్నది లేని మెషిన్ గది అది. ఆమెకు ఆ పేరు పెట్టింది బాబాయి. ఆయన ఇక్కడే నాలుగో బండి డ్రైవరు. కిందటి వానాకాలం బండితో సహా కాలవలో పడి చనిపోయాడు. ఆ బండిలోంచి తీసిన సిగ్నల్ డబ్బా, వైర్లు తెగి, మూలనున్న ఇనుప బీరువాలో పడి ఉంది.

మొండిఘటం పని కెర్నెల్‌తో, అంటే బండ్లను కేంద్రంతో కలిపే ఆ మెషిన్‌ని నడిపే అసలు ప్రోగ్రాముతో. మెషిన్ లోపలి గుమ్మం దగ్గర కాపలా కాసేది అదే. బయటినుంచి ఏదో బండి తన సిగ్నల్ డబ్బాతో తలుపు తడుతుంది. కెర్నెల్ "ఉన్నాను, రా" అంటుంది. బండి "వస్తున్నా" అనాలి. ఆ మాట వచ్చేదాకా దాని చిరునామాను వరసలో పెట్టుకుని ఎదురుచూస్తుంది. వరస నిండిపోతే కొత్తగా తట్టేవాళ్లకు చోటుండదు.

పైనుంచి ఆపరేటరమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, రెండో బండి కనెక్ట్ కావట్లేదు. లోపల నొప్పులు పడుతున్న మనిషి ఉంది. రోడ్డు మునిగింది, ఎటు వెళ్లాలో మనమే చెప్పాలి."

మొండిఘటం తెర చూసింది. వరస నిండా ఒకటే చిరునామా. నాలుగో బండి. తట్టడం, జవాబు చెప్పకపోవడం, మళ్లీ తట్టడం.

ఏసీ బాగుచెయ్యడానికొచ్చిన ముసలి మెకానిక్ పక్క కుర్చీలో కూర్చుని ముక్కు ఎగబీల్చాడు. "బురద వాసనేంటమ్మా? నా ఏసీ మీదకి తొయ్యకు, ఇది ఏసీ వాసన కాదు."

బీరువా లోపల ఏదో టక్కుమంది.

"మెషిన్ ప్లగ్గు పీకెయ్యమ్మా," అన్నాడు గుసగుసగా.

"పీకితే రెండో బండి కూడా పోతుంది. చచ్చినా పీకను."

బాబాయి మీద బెంగ ఆమెకింకా తీరలేదు. దాని వెనకే ఒళ్లు మండింది. "బాబాయ్, నువ్వైనా సరే," అంది బీరువా వైపు తిరిగి, "బతికున్నవాళ్ల వరసలో నీకేం పని?"

ఆమె కెర్నెల్ పద్ధతి మార్చేసింది. ఇక అది ఎవర్నీ గుర్తుపెట్టుకోదు. తట్టినవాళ్లకు మెషిన్ లోపలి రహస్యంతో ఒక అంకె కట్టి పంపుతుంది, పంపి మరిచిపోతుంది. ఆ అంకె తిరిగి చెప్పినవాళ్లకే లోపలికి దారి. వైర్లు తెగిన డబ్బాకు అంకె చేరేదెలా?

వరస ఖాళీ అయింది. "రెండో బండి వచ్చిందక్కా. దారి చెప్పేశాను," అంది ఆపరేటరమ్మాయి. మొండిఘటం గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

తట్టడం ఆగింది. ఏసీ కూడా ఆగింది. బురద వాసన మాత్రం... చిక్కబడింది.

తెర మీద ఒక్క లైను కదిలింది. నాలుగో బండి. సరైన అంకె. తలుపు తెరుచుకుంది.

ఆమె సమయాలు చూసింది. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. ఇక్కణ్నుంచి అంకె వెళ్లింది తర్వాత. జవాబు వచ్చింది... ముందు.

ఫోన్ మోగింది. "అక్కా... నాలుగో బండి బండ్లన్నీ చూపించే బోర్డు మీదకొచ్చింది. పేషెంటుని ఎక్కించుకున్నామంటోంది."

"ఎక్కడ?"

"మన మెషిన్ గదిలో."

మొండిఘటం నవ్వింది. "నేనెక్కలేదు. ఎక్కను కూడా. విన్నారా మెకానిక్ గారూ?"

తిరిగి చూసింది. కుర్చీ ఖాళీ. సీటు తడి. గది తలుపు గడియ వేసినట్టే ఉంది. కింద ఆయన స్పానరు, అక్కణ్నుంచి బీరువా దాకా నీటి చార.

స్పానరు తీసుకుని బీరువా ముందు నిలబడింది.

"ఆయన్ని దించు బాబాయ్. దించేదాకా మెషిన్ ఆపను, ఇక్కణ్నుంచి కదలను. మొండిఘటమని పేరు పెట్టింది నువ్వే."

చెవి దగ్గర ఫోన్‌లో ఆపరేటరమ్మాయి గొంతు సన్నగా వినిపించింది. "అక్కా... ఇప్పుడు పేషెంట్లు ఇద్దరని చూపిస్తోంది."

"తప్పు చూపిస్తోంది," అంది మొండిఘటం. బీరువా పిడి పట్టుకుని గట్టిగా తిప్పింది.

ఆ బీరువాకు లోపలివైపు పిడి లేదు. అయినా లోపలినుంచి ఎవరో... ఆమెతో పాటే తిప్పుతున్నారు.