సగం తొక్కుడు

వంతెన మీదికి అటూ ఇటూ ఎక్కే ఆ ఎత్తుకు పేరు చెడిపోయి చాలా కాలమైంది. పగలు సైకిళ్ళ మీద పిల్లలు ఈల వేసుకుంటూ ఎక్కేస్తారు. చీకటి పడిందా... తలలు పండిన లారీ డ్రైవర్లు కూడా అక్కడికి రాగానే పాట ఆపేస్తారట. బండి ఆగితే ఆగింది గానీ మనిషి మాత్రం కిందికి దిగకూడదంటారు.

ఎందుకంటారా? కాస్త దగ్గరికి జరగండి, చెబుతాను.

ఒకాయనకు పాత కారు ఉండేది. భార్యది నూలు మిల్లులో అర్ధరాత్రికి ముగిసే షిఫ్టు. రోజూ వెళ్ళి తెచ్చుకునేవాడు. ఆయన తొక్కుడే వేరు — ఆక్సిలరేటర్ సగం దాకా తొక్కి, మేకు కొట్టినట్టు అక్కడే కాలు ఆపేసేవాడు. తమ్ముడికి కారు నేర్పినప్పుడూ అదే పాఠం: సగం తొక్కు, బండి తనే ఎక్కుతుంది, మిగతా సగం బంకువాడికి దానం.

ఒక రాత్రి భార్య కోసం బయల్దేరినవాడికి ఆ ఎత్తు మధ్యలో కారు గతుక్కుమని ఆగిపోయింది. దిగాడు. బోనెట్ ఎత్తి చూశాడు. డిక్కీలో ఉన్న పానా తీద్దామని పక్కనుంచి వెనక్కి నడిచాడు...

లైట్లు లేని లారీ.

కారుకు గీత పడలేదు. మనిషే మిగల్లేదు.

ఆ తర్వాత వదినను తీసుకొచ్చే పని తమ్ముడి మీద పడింది. ఇంటికి ఆమె జీతమే ఆధారం. మిల్లుకు ఆ దారి తప్ప వేరే దారి లేదు.

మొదటి రాత్రే... సరిగ్గా ఆ ఎత్తు సగంలో, కారు గుటక మింగింది. ఇంజను గుక్క తిప్పుకోలేనట్టు ఆగి, మళ్ళీ ఆగి — లాగడం మానేసింది. తమ్ముడు కాలు ఎత్తి తొక్కి, ఎత్తి తొక్కి, ఎలాగో గట్టెక్కించాడు.

వెనక సీటులోంచి వదిన గుసగుసగా అంది.

"ఆయనే, బాబూ. బండిని పట్టుకున్నారు."

రోజూ అంతే. అక్కడే. తమ్ముడి భయం దెయ్యం గురించి కాదు. దెయ్యానికి లైట్లు లేకపోయినా ఫర్వాలేదు, లారీకి ఉండాలిగా! వదినతో సహా ఆ ఎత్తులో నిలబడిపోతే, వెనక ఇంకో లారీ వస్తే? ఆ ఊహకే అరచేతులు తడిసి స్టీరింగు జారేది.

కారు చెవి మేస్త్రీ దగ్గరికి పోయింది. ఇంజనుకు చెవి ఆనించి రోగం చెబుతాడని ఆయనకా పేరు. పెట్రోలు ఫిల్టరు మార్చాడు, పంపు కడిగాడు, ప్లగ్గులు కొత్తవి వేశాడు. షెడ్డులో ఇంజను కమ్మగా పాడింది. ఆ ఎత్తు మీద తనే రెండుసార్లు తోలాడు — చీమ కుట్టినంత జంకు కూడా లేదు. రోగం కారుకు కాదబ్బాయ్, నీకే అని ఎగతాళి చేశాడు.

తమ్ముడు తోలితే మాత్రం మళ్ళీ అదే.

చివరికి ఒక సాయంత్రం మేస్త్రీ పక్క సీటులో కూర్చున్నాడు. ఎత్తు మొదలైంది. సగానికి వచ్చారు. కారు గుటక మింగింది... మేస్త్రీ ఈసారి ఇంజను వినలేదు. తమ్ముడి పాదం వంకే చూస్తున్నాడు.

"ఎప్పుడూ ఇలాగే తొక్కుతావా?"

"అన్న నేర్పిందే."

షెడ్డుకు వెళ్ళాక మేస్త్రీ ఒక చిన్న సెన్సరు ఊడదీశాడు. మనం ఎంత తొక్కామో ఇంజనుకు చెప్పేది అదే. మీటరు తగిలించి వేలితో మెల్లగా తిప్పాడు. ముల్లు లేచింది, లేచింది... సగానికి రాగానే చచ్చినట్టు పడిపోయింది. కాస్త దాటించగానే మళ్ళీ లేచింది. విప్పి చూస్తే లోపల తొక్కుడును కొలిచే నల్లగీత ఒకేచోట గోరంత అరిగి ఉంది.

తనలాంటివాడు దబాయించి తొక్కితే సెన్సరు అరిగిన చోటు దూకేస్తుందట. మీ అన్నదమ్ములు తొక్కితే సరిగ్గా అక్కడే కూర్చుంటుంది అన్నాడు. చదును దారిలో బండి ఊపు మీద ఉంటుంది కాబట్టి తెలియదు, ఎత్తులో దొరికిపోతుంది. ఏళ్ళ తరబడి ఒకే కాలు ఒకేచోట నిలబడితే ఇంకేమవుతుంది?

తమ్ముడు తన పాదం వంక చూసుకున్నాడు. ఆ రాత్రి అన్నను నడిదారిలో ఆపింది... అన్న కాలే.

కొత్త సెన్సరు వేశారు. సంగతంతా విని వదిన పాతది అడిగి తీసుకుని చేతిసంచిలో వేసుకుంది.

ఆ రాత్రి మిల్లు నుంచి వస్తున్నారు. ఎత్తు మొదలైంది. కారు నున్నగా ఎక్కుతోంది. అయినా సగానికి వచ్చేసరికి, ఇన్నాళ్ళ భయం ఊరుకుంటుందా — తమ్ముడి కాలు దానంతట అదే పైకి లేచిపోయింది.

కారు నెమ్మదించాలి. నెమ్మదించలేదు.

అదే ఊపు... అదే స్వరం. అప్పుడే అద్దంలో కనిపించింది — వెనక చీకటిలో, ఇల్లంత చీకటి కదిలివస్తోంది. లైట్లు లేవు. కారు ఒక్క క్షణం తడబడినా దాని కిందే.

ఎత్తు పైకి చేరగానే స్టీరింగు పక్కకు కోసి బ్రేకు వేశాడు. లారీ కారును రాసుకున్నంత దగ్గరగా దాటిపోయింది.

కిందికి చూసుకున్నాడు. ఎడమ కాలు క్లచ్ మీద, కుడి కాలు బ్రేకు మీద. ఆ పక్కన ఆక్సిలరేటర్ — సగం దాకా దిగి ఉంది. మేకు కొట్టినట్టు.

చూస్తుండగానే... మెల్లగా పైకి లేచింది.

మర్నాడు మేస్త్రీ వైరు, స్ప్రింగు పీకి మరీ చూశాడు. ఎక్కడా పట్టేసిన జాడ లేదన్నాడు. అది తర్వాతి మాట. ఆ రాత్రి, ఆ చీకట్లో, వెనక సీటులో వదిన చేతిసంచిని గుండెలకు హత్తుకుని గుసగుసగా అందట —

"సగమే తొక్కారు, చూశావా బాబూ... ఆ అలవాటు ఇంకా పోలేదు."