పన్నెండు నిమిషాల జ్వరం

"తొంభై ఎనిమిది," అంది సుకన్య, తెర మీద అంకె చదువుతూ. "ఇంకో నిమిషంలో ఆగిపోద్ది సార్."

"ఆగనివ్వండి. చివరిసారి ఆగుతోంది పాపం," అన్నాడు నాగుల్‌మీరా.

చెప్పినట్టే లాప్‌టాప్ నూరు డిగ్రీలు తాకి, ఒక్క నిట్టూర్పు విడిచి నల్లబడింది. నాగుల్‌మీరా దాన్ని బోర్లా తిప్పి, చిన్న స్క్రూలన్నీ ఊడదీసి మూత తెరిచాడు. మాచర్లలోని ఆ హాల్లో పనిచేసే ఇరవై నలుగురు ఆడవాళ్లూ కుర్చీలు వదిలేసి చుట్టూ మూగారు. బయట నలభై తొమ్మిది డిగ్రీల ఎండ. మన కథ జరిగే కాలానికి పల్నాట్లో అది మామూలు మే నెల.

అక్కడి పనేమిటో ముందు చెప్పాలి. ఊరి చుట్టూ మిరప తోటల మీద డ్రోన్లు తిరిగి ఆకుల ఫొటోలు తీస్తాయి. ఏ తెగులో లాప్‌టాప్‌లో నడిచే ఏఐ మోడల్ చాలావరకు తనే కనిపెడుతుంది. తేల్చుకోలేని ఫొటోలను మనుషులు చూసి చెప్పాలి. వాళ్లు చెప్పినదాన్ని బట్టి మర్నాడు డ్రోన్ మందు కొడుతుంది. చెప్పింది తప్పయితే రైతు కొంప మునుగుతుంది. అక్కడ నెట్ అంతంతమాత్రం కాబట్టి అంత పెద్ద మోడల్నీ లాప్‌టాపే మోయాలి. మోస్తూ మోస్తూ వేడికి నత్తనడక నడిచేది, గంటన్నరకోసారి పన్నెండు నిమిషాలు పడకేసేది. దాంతో పని ఎప్పుడూ వెనకబడే ఉండేది. నెలాఖరుకి వేగం పెరగకపోతే సెంటర్ ఎత్తేస్తామని కంపెనీ తేల్చి చెప్పేసింది. అప్పుడు ఇన్‌ఛార్జి సుకన్యకు గుర్తొచ్చిన పేరు నాగుల్‌మీరా.

నరసరావుపేట మనిషి. ఏడేళ్లుగా ఒక్కటే పిచ్చి, థర్మల్ పేస్ట్. ఏ ప్రయోగశాలా పట్టించుకోకపోయినా ఇంటి వెనక రేకుల షెడ్డులో నూరుతూ కూర్చున్నవాడు. నిజమైన మెషీన్ల మీద నిరూపించుకోవడానికి అతనికి దొరికిన మొదటి అవకాశం ఇది.

"చూడండి," అన్నాడు, చిప్ మీద ఎండి పెళ్లలు కట్టిన బూడిదరంగు పొరను గీకుతూ. "ఈ చిప్పూ, పైనున్న రాగి రేకూ నున్నగానే ఉన్నట్టుంటాయి. మైక్రోస్కోప్‌లో చూస్తే అన్నీ గుంటలే. గుంటల్లో గాలి ఉంటుంది. గాలి వేడిని దాటనివ్వదు. ఆ గుంటలు పూడ్చడానికే పేస్ట్. పాతది ఎండిపోయింది."

"మరి మీదో?" అడిగింది మరియకుమారి. పదిహేడో నంబరు లాప్‌టాప్ ఆమెది.

"నాది ఎండదమ్మా. ఇందులో రేణువులు వేడి ఎటు పోతే అటే తిరిగి వరస కడతాయి. ఎంత కాగితే అంత బాగా దారి ఇస్తాయి."

బియ్యపు గింజంత పేస్ట్ చిప్ మధ్యలో పెట్టి, రేకు బిగించాడు. తర్వాత తను రాసిన చిన్న ప్రోగ్రామ్ ఎక్కించాడు. అది అండర్‌వోల్టింగ్ కోసం. ఫ్యాక్టరీలో ప్రతి చిప్‌కీ కావలసినదానికంటే కాస్త ఎక్కువ వోల్టేజ్ పెడతారు, ఎందుకైనా మంచిదని. పెళ్లికి ఎందరొస్తారో తెలియక నాలుగు కుంచాలు ఎక్కువ వండించినట్టు. ఆ ఎక్కువంతా వేడిగా మారుతుంది. నాగుల్‌మీరా ప్రోగ్రామ్ ఏ చిప్‌కి ఎంత చాలునో మెల్లగా తగ్గిస్తూ కనిపెట్టి అక్కడ ఆపుతుంది.

లాప్‌టాప్ వెలిగింది. మోడల్ పూర్తి బరువుతో నడిచింది. డెబ్బై. అరవై ఎనిమిది. గంటన్నర గడిచింది, రెండు గంటలు గడిచాయి. అరవై రెండు దగ్గర అంకె కదలకుండా కూర్చుంది. సుకన్య దాని కింద చెయ్యి పెట్టి చూసి, "అమ్మో, చల్లగుంది," అంది. నాగుల్‌మీరాకి కళ్లు చెమర్చాయి. ఏడేళ్లలో ఆ మాట ఇంకొకరి నోట వినడం అదే మొదలు.

మూడు రోజుల్లో ఇరవై మూడు లాప్‌టాప్‌లకి వైద్యం అయిపోయింది. పోల్చి చూసుకోవడానికి ఒకటి పాతది పాతగానే ఉండాలన్నాడు. ఆ చీటీ పదిహేడో నంబరుకి పడింది.

"నా దానికి పుయ్యకపోతిరి. నేనేం పాపం చేశా సార్?" అంది మరియకుమారి. మొహం చిన్నబుచ్చుకుని రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

హాలంతా పండగలా ఉంది. ఫొటోలు ఒకటికి రెండింతలు తెగుతున్నాయి. సుకన్య రోజూ కంపెనీకి అంకెలు పంపి మురిసిపోతోంది. వాకిట్లో రేకు పందిరి కింద మజ్జిగ అమ్మే వజ్రమ్మ మాత్రం కడవ ముందు ఈగలు తోలుకుంటూ కూర్చుంది. మెషీన్ ఆగడం లేదు కాబట్టి బయటికి వచ్చే నాథుడు లేడు, మరియకుమారి ఒక్కతి తప్ప.

పదో రోజున కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. నూటికి తొంభై ఏడు ఒప్పులు చెప్పే సెంటర్ ఎనభై రెండుకి పడిపోయిందట. వారంలో సరిచెయ్యకపోతే మూసివేత తప్పదట.

నాగుల్‌మీరాకి తెలిసిన దొంగ ఒక్కడే. వోల్టేజ్ మరీ తగ్గిస్తే చిప్ లెక్కలు తప్పుతుంది, తప్పినట్టు చెప్పదు కూడా. ఆ రోజంతా కూర్చుని ఇరవై మూడింటికీ వోల్టేజ్ పెంచాడు. మర్నాడూ ఎనభై రెండే. గంటల తరబడి పరీక్షలు పెట్టాడు. ఒక్క లెక్కా తప్పలేదు. చివరికి ఎవరి ఒప్పులెన్నో విడివిడిగా తీయించాడు. అందరివీ పడిపోయాయి. పదిహేడో నంబరు మాత్రం తొంభై ఏడు దగ్గర దర్జాగా ఉంది. తన చెయ్యి పడని మెషీన్ అదొక్కటే.

"అంటే తప్పు నా పేస్ట్‌దేనండీ," అన్నాడు సుకన్యతో. "ఎట్లాగో తెలియదు. కానీ నాదే. కడిగేస్తాను అన్నీ."

"ఒక్కరోజు ఆగండి సార్. ముందు ఆ పదిహేడోది ఏం చేస్తందో చూడండి," అంది సుకన్య. ఇరవై నాలుగిళ్ల పొయ్యి ఆరకుండా చూసుకోవాల్సిన మనిషి, తొందరపడలేదు.

మర్నాడు నాగుల్‌మీరా పదిహేడో నంబరు పక్కనే కుర్చీ వేసుకున్నాడు. తీగలు తగిలించి మెషీన్‌కేసి కన్నార్పకుండా చూశాడు. పదకొండింటికి అది ఆగింది. మరియకుమారి లేచి ఎటో వెళ్లి, పన్నెండు నిమిషాలకి వచ్చింది. అతను మెషీన్నే చూస్తున్నాడు. పన్నెండున్నర దాటాక మళ్లీ ఆగింది, ఆమె మళ్లీ వెళ్లింది. అతను అప్పుడూ మెషీన్నే చూస్తున్నాడు. చదువుకున్నవాడు కదా. మూడోసారి ఆగేసరికి గొంతు పిడచకట్టుకుపోయి, మజ్జిగ తాగుదామని ఆమె వెనకే వాకిట్లోకి నడిచాడు.

పందిరి కింద మరియకుమారి ఫోన్ ముందుకు చాపింది. అనుమానం వచ్చిన ఫొటోల్ని ఎప్పటికప్పుడు తెర మీంచి ఫోన్‌లో తీసి ఉంచుకుంది.

"ఇది తామర పురుగేనంటావా వజ్రమ్మత్తా? మోడలేమో నల్లి అంటంది."

వజ్రమ్మ గ్లాసు కింద పెట్టి, ఫోన్‌ని కంటికి దగ్గరగా తెచ్చుకుంది. "ఆకు పైకి దోనెలాగ ముడుచుకుంది కదే? పురుగే. నల్లికి కిందికి ముడుచుద్ది. ఇంకోటి?" చూసింది. "ఇది ఎన్నింటికి తీశారు?"

"ఒంటిగంటకత్తా."

"మిట్టమధ్యాన్నం ఏ ఆకైనా తల వంచుద్ది. దీనికి ఏ తెగులూ లేదు. నీళ్లు పెట్టుకోమను."

నాగుల్‌మీరా మజ్జిగ సంగతి మరిచిపోయి ముందుకొచ్చాడు. "పెద్దమ్మా, ఇవన్నీ నీకెట్లా తెలుసు?"

"నలభై ఏళ్లు మిరప చేశా నాయనా. మోకాళ్లు పోయి ఈ కడవ పెట్టుకున్నా. ఇదివరకు అందరూ వచ్చి అడిగేవాళ్లు. నువ్వేదో పూసినకాడి నుంచి ఈ పిల్ల తప్ప ఒక్కరు రావట్లా."

అతను హాల్లోకి పరుగెత్తాడు. నలభై తొమ్మిది డిగ్రీల ఎండలో ఈల వేస్తూ పరుగెత్తాడంటే ఆ సంతోషం ఎంతటిదో చూసుకోండి. పేస్ట్ తప్పు లేదు. వోల్టేజ్ తప్పు లేదు. ఈ సెంటర్లో అసలు చిప్ వాకిట్లో కూర్చుని ఉంది. మెషీన్ ఆగినప్పుడే ఆ చిప్‌తో మాట్లాడే వీలుండేది, ఆ వీలు తనే చల్లగా మూసేశాడు.

సుకన్య విని తల పట్టుకుంది. ఆమెకూ ఇన్నాళ్లూ మజ్జిగ గోలే తప్ప పని కనబడలేదు. అప్పటికప్పుడు కంపెనీకి రాసింది, గంటన్నరకి పన్నెండు నిమిషాలు మనుషులకి విరామం కావాలని. జవాబు అరగంటలో వచ్చింది. మెషీన్ వేడెక్కితే విరామం రాయడానికి కాలమ్ ఉందట, మనుషులకి లేదట.

సుకన్య ఆ కాలమ్ మీద వేలు పెట్టి నాగుల్‌మీరాకేసి చూసింది.

"నా చేత అబద్ధపు రీడింగ్ రాయిస్తారా సుకన్యగారూ?" అన్నాడు నాగుల్‌మీరా. ఏడేళ్లలో ఒక్క అంకె మార్చి రాసుకోని మనిషి. ఆ బాధ నిజంగా బాధే.

"నేనేం రాయించట్లేదు సార్. కాలమ్ మాత్రమే చూపిస్తన్నా."

ప్రోగ్రామ్ మార్చడానికి ఒక పూట పట్టింది. ఇప్పుడు ఆ హాల్లో లాప్‌టాప్‌లు మంచుముక్కల్లా పనిచేస్తూనే, గంటన్నరకోసారి తెర మీద నూరు డిగ్రీలని చూపించి పన్నెండు నిమిషాలు మూలుగుతాయి. పదిహేడో నంబరుకి కూడా పేస్ట్ పడింది, జ్వరం పడింది. ఆడవాళ్లు ఫోన్లు పట్టుకుని వాకిట్లోకి వస్తారు. వారం తిరిగేసరికి ఒప్పులు తొంభై ఎనిమిది. మిగతా వేళంతా వేడికి మందగించేది లేదు కాబట్టి వేగం మాత్రం పెరిగింది. సెంటర్ నిలబడింది.

"చల్లబరచడానికి ఏడేళ్లు పట్టిందంటివి, జొరం తెప్పించడానికి ఒక పూట చాలిందే," అని వజ్రమ్మ ఓ గ్లాసు మజ్జిగ ఊరికే పోసింది. నాగుల్‌మీరా నవ్వి తాగాడు.

కంపెనీ పెద్దలు ఆ అంకెలు చూసి మహా ఆనందపడి, రాష్ట్రంలో ఉన్న తమ నలభై సెంటర్లకీ ఈ పేస్టే వాడాలని ఆర్డరిచ్చారు. ఆనందం పట్టలేక నాగుల్‌మీరా రేకుల షెడ్డులో ఒక్కడే గంతులేశాడు. డబ్బాలు కట్టించే పనిలో ఉండగా నంద్యాల సెంటర్ ఇన్‌ఛార్జి ఫోన్ చేశాడు. సుకన్య చెప్పగా ఈ జ్వరం సంగతి విన్నాడట. అటూ ఇటూ చూసుకుని మాట్లాడుతున్నట్టుంది గొంతు.

"మా గేటుకాడ టీ కాచే పెద్దాయన ఉన్నాడు సార్, పత్తి సంగతులన్నీ ఆయనకే తెలుసు. పేస్ట్ ఒకరోజు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు గానీ, ఆ జ్వరం మాత్రం మర్చిపోకుండా పెట్టి పంపండి."

సాయంత్రానికి అలాంటి ఫోన్లు ముప్పై తొమ్మిది వచ్చాయి.